పిన్ని చెప్పిన జంధ్యాల సినిమాలు

జంధ్యాల గారి సినిమాల్లో సగం నేను చూడకముందే విన్నాను. కొన్ని రేడియోలో, మిగతావి మా పిన్ని నోట. చూడటం ఎప్పుడో తర్వాత జరిగింది. ఇప్పటికీ ఆయన సినిమా ముందుగదిలో టీవీలో వస్తుంటే నేను వంటింట్లో పని చేసుకుంటూ వినేస్తాను. పెద్దగా ఏదీ పోగొట్టుకున్నట్టు అనిపించదు.

మాది పర్లాకిమిడి. ఇప్పుడు గజపతి జిల్లాకి కేంద్రం. నా చిన్నప్పుడు గంజాం జిల్లాలో ఉండేది, 1992లో విడదీశారు. ఒడిశాలో ఉన్న ఊరే గానీ, బజార్లో నిలబడి వింటే ఏ రాష్ట్రంలో ఉన్నామో వెంటనే తేలదు. కూరలమ్మి తెలుగులో బేరం మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తుంది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు ఊరు అటు వెళ్ళింది, ఇళ్ళల్లో తెలుగు మాత్రం అలాగే ఉండిపోయింది. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది మన ఊళ్ళోనే అని మా తాతయ్య ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. ఆ చుట్టం పోయిన పండక్కి కూడా అదే విన్నా సరే.

నా చదువు ఒడియా మీడియం. తెలుగు అక్షరాలు అమ్మ వేసవి సెలవుల్లో నేర్పింది, అదీ అరకొరగా. సినిమా పోస్టరు మీద పేర్లు కూడబలుక్కుని చదివేంత వచ్చేది. అంచేత నా తెలుగంతా చెవిలోంచి లోపలికి పోయిందే. ఇంట్లో వినేది శ్రీకాకుళం యాస. ‘ఏటి’, ‘ఎలిపోనాడు’, ‘గుంటడు’ తప్ప ఇంకో రకం తెలుగు ఉందని తెలిసింది రేడియో వల్ల. ఆ రోజుల్లో సంక్షిప్త శబ్ద చిత్రం అని వచ్చేది. సినిమా మొత్తాన్ని గంటకి కుదించి, బొమ్మ లేకుండా మాటలూ పాటలూ వినిపించేవారు. ఫైటింగ్ సినిమా అయితే ఢిష్యుం ఢిష్యుం తప్ప ఏమీ అర్థమయ్యేది కాదు. జంధ్యాల గారిదైతే బొమ్మ లేని లోటే తెలిసేది కాదు. ఎవరు లావు, ఎవరు బక్క, ఎవరికి ఎవరంటే మంట, అన్నీ మాటల్లోనే ఉండేవి.

కొత్త సినిమా అంటే పాతపట్నం. శ్రీకాకుళం జిల్లా అది, మా ఊరికి ఆనుకున్నట్టే ఉంటుంది. మా ఊళ్ళోనూ తెలుగు సినిమాలు ఆడేవి, కానీ మంచివన్నీ ముందు అటే వస్తాయని ఆడవాళ్ళ నమ్మకం. నీలమణి దుర్గమ్మ గుడికని చెప్పి బయల్దేరేవారు. గుడికి వెళ్ళడం నిజమే, అబద్ధం లేదు. దర్శనం అయ్యాక మ్యాటినీ. ఈ సంగతి తాతయ్యకి తెలుసు. ఆయనకి తెలుసని వాళ్ళకీ తెలుసు. ఎవరూ ఏమీ తెలియనట్టు ఉండటంలోనే అందరికీ సుఖంగా ఉండేది.

పిల్లల్ని అన్నిసార్లూ తీసుకెళ్ళేవారు కాదు. టిక్కెట్టు డబ్బులు, దారిలో మా గోల, రెండూ కారణాలే. ఆ లోటు పిన్ని తీర్చేది. మా అమ్మకి చెల్లెలు, అప్పటికి పెళ్ళి కాలేదు. సాయంత్రం తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుందంటే చుట్టుపక్కల ఇళ్ళ పిల్లలు కూడా వచ్చేసేవారు. సెన్సారు సర్టిఫికెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టేది. పేర్లు పడుతున్నప్పుడు వెనక ఏ వాయిద్యం మోగిందో నోటితో మోగించి చూపించేది. హీరోయిన్ చీర రంగు, అంచు, హాల్లో కరెంటు పోయిన చోటు, పక్క కుర్చీలో పిల్లాడు ఏడ్చిన చోటు, అన్నీ కథలో భాగమే. రెండున్నర గంటల సినిమా చెప్పడానికి ఆవిడకి మూడు గంటలు పట్టేది. మధ్యలో అమ్మమ్మ అన్నానికి పిలిస్తే అదే ఇంటర్వెల్.

1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’ వచ్చింది. ఆ సినిమాకి మాత్రం, నా అదృష్టం, నన్నూ తీసుకెళ్ళారు. అందులో శ్రీలక్ష్మి పాత్ర ఉంది కదా, సినిమా పిచ్చిది, టైటిల్స్ దగ్గర్నుంచీ కథ చెప్పడం మొదలుపెడుతుంది. ఆవిడ నోరు తెరిచిన కాసేపటికి మా వరసలో ఉన్నవాళ్ళంతా తెర వదిలేసి పిన్ని వైపు తిరిగారు. వెనక వరసలో మా వీధివాళ్ళే ఎవరో పిన్ని పేరు పెట్టి అరిచారు కూడా. పిన్ని మొహం చూడాలి. కోపం తెచ్చుకుందామని కాసేపు ప్రయత్నించింది. కుదరలేదు, అందరికంటే ఎక్కువ తనే నవ్వింది. ఇంటికొచ్చాక ఆ సినిమాని కూడా సెన్సారు సర్టిఫికెట్టు దగ్గర్నుంచే చెప్పింది.

పిన్నికి ఆ కథ ముందే తెలుసు. పొత్తూరి విజయలక్ష్మి గారి ‘ప్రేమలేఖ’ నవల చదివేసింది. ఇది చాలామంది గుర్తుపెట్టుకోని విషయం. జంధ్యాల గారి పెద్ద హిట్లలో కొన్ని తెలుగిళ్ళల్లో ఆడవాళ్ళు మధ్యాహ్నాలు చదువుకునే నవలల్లోంచి వచ్చాయి. ‘చంటబ్బాయ్’ మల్లాది వెంకట కృష్ణమూర్తి గారిది. ‘అహ నా పెళ్ళంట’కి మూలం ఆదివిష్ణు గారి ‘సత్యంగారిల్లు’. మా ఊరికి వారపత్రికలు శ్రీకాకుళం వైపు నుంచి రావాలి. వచ్చిన ఒక్క కాపీ వీధంతా తిరిగి, అట్ట ఊడి, ఇంకెవరిదో తెలియకుండా పోయేది. నేను తెలుగు చదవడం సరిగ్గా నేర్చుకున్నది ఆ అట్టలేని పత్రికల్లోనే.

ఆయన సినిమాలు చెవికి ఎందుకంత పట్టేస్తాయో పెద్దయ్యాక ఆయన గురించి చదివితే అర్థమైంది. 1951 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో, నరసాపురంలో పుట్టారు. చదువు విజయవాడలో. సినిమాకంటే ముందు నాటకం. ‘ఏక్ దిన్ కా సుల్తాన్’, ‘గుండెలు మార్చబడును’ లాంటివి రాసి పరిషత్తుల్లో పేరు తెచ్చుకున్నారు. నాటకంలో క్లోజప్ ఉండదు. చివరి బెంచీ మీద కూర్చున్నవాడికి కూడా మాట చేరాలి, చేరి నవ్వు తెప్పించాలి, ఆ నవ్వు ఆగేదాకా తర్వాతి మాట కాచుకోవాలి. ఆ లెక్క ఆయన సినిమాల్లో చివరిదాకా ఉంది.

సినిమాల్లోకి మాటల రచయితగా వచ్చారు. 1976లో ‘సిరిసిరిమువ్వ’, మరుసటేడు ‘అడవి రాముడు’, 1979లో ‘వేటగాడు’, 1980లో ‘శంకరాభరణం’. ఈ నాలుగు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ‘వేటగాడు’లో రావు గోపాలరావు గారి నోట ప్రాస దంచి కొట్టించినాయనే శంకరశాస్త్రి గారికి ఆచితూచి నాలుగే మాటలు రాశారంటే మా తాతయ్య చాలాకాలం నమ్మలేదు. ‘ఇద్దరు జంధ్యాలలు ఉండుంటార్రా’ అనేవారు. తర్వాత 1983లో ‘సాగర సంగమం’ మాటలు కూడా ఆయనవే అని పిన్ని చెబితే, ‘అయితే ఆ రెండోవాడే’ అన్నారు.

దర్శకుడిగా మొదటిది ‘ముద్దమందారం’, 1981. కొత్త పిల్లలు ప్రదీప్, పూర్ణిమ. మరుసటేడు ‘నాలుగు స్తంభాలాట’. అక్కణ్ణుంచి వీరభద్రరావు గారికీ, వేలు గారికీ ఇంటిపేర్లు మారిపోయాయి. ఒకాయన సుత్తి వీరభద్రరావు, ఇంకొకాయన సుత్తి వేలు. వీరభద్రరావు గారు విజయవాడ ఆకాశవాణిలో పనిచేసినాయన. గొంతుతో బతికినవాడు, ఆ గొంతుకి సరిపడే మాటలు రాసినవాడు దొరికాడు. మా ఇంట్లో ఆయన గొంతు వినబడితే తాతయ్య పంచాంగం మూసేవారు. తాతయ్యకి తిట్లంటే ప్రీతి. ఒక బియ్యం మిల్లులో గుమాస్తా ఆయన, పగలంతా యజమాని చేత తిట్లు తిని, సాయంత్రం మాకు పంచేవారు. ‘ఒరే గుంటా, నీ బుర్రలో ఉన్నది ఏటిరా, ఊకా తవుడా?’ అన్నది ఆయన నిత్య ప్రశ్న. ‘నాలుగు స్తంభాలాట’ తర్వాత ఆ ప్రశ్నకి కొనసాగింపులు పుట్టుకొచ్చాయి. ఊకయితే ఏ మిల్లుదో, తవుడైతే ఏ గేదె తినకుండా వదిలేసిందో వివరంగా చెప్పేవారు. తిట్టు పొడుగయ్యేకొద్దీ కోపం తగ్గిపోయేది. మధ్యలో ఆయనకే నవ్వొచ్చి కండువా అడ్డం పెట్టుకునేవారు. జంధ్యాల గారి వల్ల మాకు జరిగిన మొదటి లాభం అదే. తన్నులు తగ్గాయి.

ఇక పిన్ని పెళ్ళి సంగతి చెప్పాలి. నీటిపారుదల ఆఫీసులో పనిచేసే ఒక ఒడియా కుర్రాడు మా వీధిలో అద్దెకుండేవాడు. సొంతూరు గుణుపురం దగ్గర. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే చిన్న రైలు ఉండేది, నేరోగేజి, రాజావారి కాలంలో 1900లో మొదలైంది. దాని వేగం ఎంతంటే, పిన్ని స్టేషనుకి వెళ్ళి ఆయనకి వీడ్కోలు చెప్పి ఇంటికొచ్చేసరికి కూడా కూత వినబడుతూనే ఉండేదని అమ్మ ఎగతాళి చేసేది. ఆ వ్యవహారం అలా బయటపడింది. తాతయ్య ఒప్పుకోలేదు. మంచివాడు, ఉద్యోగం ఉంది, కట్నం అడగడు, అన్నీ నిజమే. ‘భాష?’ అనేవారు. ఊరంతా రెండు భాషలు మాట్లాడుతుంటే ఆ ప్రశ్నకి అర్థం లేదు, అయినా అదే అడిగేవారు. చివరికి అమ్మమ్మ అన్నం మానేసి ఒప్పించింది. పెళ్ళయింది. తాతయ్య అల్లుడితో అవసరమైనంత మేర మాట్లాడేవారు, అదీ వాతావరణం గురించి.

1987లో ‘పడమటి సంధ్యారాగం’ వచ్చింది. అమెరికాలో ఒక తెలుగు కుటుంబం, ఆచారం గట్టిగా పట్టుకున్న తండ్రి, ఆయన కూతురు విజయశాంతి, ఆవిడ ప్రేమించిన అమెరికా కుర్రాడు. తండ్రిగా గుమ్మలూరి శాస్త్రి గారు. ఆ దేశంలోనే తీశారు. మేం ఇంటిల్లిపాదీ వెళ్ళాం, కథేమిటో ముందు తెలియదు. తెలిస్తే ఎవరో ఒకరు ఆపేవారు. హాల్లో తాతయ్య ఓ చివర, బాబాయి ఇంకో చివర, మధ్యలో మేమంతా. తెర మీద తండ్రి మండిపడుతుంటే మాకు ఇటు టెన్షన్. పిన్ని తల తిప్పకుండా కూర్చుంది. తాతయ్య గట్టిగా దగ్గారు, అంతే. బాబాయికి అప్పటికి తెలుగు సగమే వచ్చు. జనం నవ్విన కాసేపటికి, పిన్ని చెవిలో చెప్పాక, ఒక్కడే విడిగా నవ్వేవాడు. ఆ ఆలస్యపు నవ్వుకి ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో చోటు చాలక తాతయ్యా, బాబాయీ నడిచొచ్చారు. దారిలో ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర తాతయ్య, ‘అల్లుడికి ఇంకో గరిటె పులుసు వెయ్యండి’ అన్నారు. అల్లుడు అన్న మాట ఆయన నోట మేం వినడం అదే మొదలు. సినిమా వల్లే అని నేను అనను. తాతయ్య వింటే ఆ మాటకి ఊక, తవుడు బయటికి తీసేవారు.

అదే ఏడాది చివర్లో ‘అహ నా పెళ్ళంట’. రామానాయుడు గారి నిర్మాణం. ఇది మాత్రం నేను హాల్లో చూడలేదు. వీధిలో పండక్కి టీవీ, డెక్కు అద్దెకి తెచ్చి, రాత్రికి మూడు సినిమాలు వేసేవారు. మొదటిది దేవుడి సినిమా, రెండోది పెద్ద హీరోది, మూడోది వేసేసరికి సగం మంది నిద్రలో ఉండేవారు. ‘అహ నా పెళ్ళంట’ మూడోదిగా వేశారు. నిద్రపోయినవాళ్ళని లేపారు. పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు గారు బట్టలు అరిగిపోతాయని నడుముకి పేపరు చుట్టుకోవడం, కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్తన్నం తినడం, పిల్లనివ్వమని వచ్చిన రాజేంద్రప్రసాద్ అంతకు మించిన పిసినారిగా నటించడం. ఇక్కడ బాబాయికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. అందరితో పాటు, అదే క్షణంలో నవ్వాడు. నేను జంధ్యాల గారిది చెవికి సంబంధించిన హాస్యం అని వాదిస్తే బాబాయి ఇప్పటికీ ఆ కోడినే ఎదురు పెడతాడు. ఆయన వైపూ న్యాయం ఉంది.

అరగుండుగా బ్రహ్మానందం గారు అందులోనే జనానికి తెలిశారు. అంతకుముందు అత్తిలిలో తెలుగు లెక్చరరు. జంధ్యాల గారి జాబితా తీస్తే ఇలాంటివాళ్ళు ఎందరో. ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు సినిమాల్లోకి వచ్చింది 1989లో ‘జయమ్ము నిశ్చయమ్మురా’తో. పెద్ద హీరోతో తీసినా ఆ హీరోని కిందికి దించి నవ్వించారు. ‘చంటబ్బాయ్’లో చిరంజీవి గారు జేమ్స్ పాండ్‌నని చెప్పుకుని తిరిగే డిటెక్టివ్. ఆ సినిమా అప్పట్లో మా వీధి కుర్రాళ్ళకి నచ్చలేదు. ఫైట్లు ఏవిరా అని గొడవ. ఇప్పుడు వాళ్ళే, తలలు నెరిసి, వాట్సాప్‌లో ఆ సీన్లు పంపుతుంటారు. నవ్వు గురించి జంధ్యాల గారు చెప్పిన ఆ భోగం-యోగం మాట కూడా పంపుతారు, వారానికోసారి. అందుకే నేనిక్కడ రాయడం లేదు.

అన్నీ గొప్పవని అనను. ప్రతి పాత్రకీ ఒక పిచ్చి అంటగట్టడం మొదట్లో సరదాగా ఉండేది. పోనుపోను ముందే తెలిసిపోయేది, ఈయన వంట పిచ్చివాడు, ఆవిడ కవితల పిచ్చిది, ఇంకో పావుగంటలో ఎవరో ఒకరు జుట్టు పీక్కుంటారు అని. నత్తి మీద, చెవుడు మీద వేసిన హాస్యం ఇప్పుడు చూస్తుంటే ఇబ్బందిగా ఉంటుంది. మా వీధిలో నత్తి ఉన్న కుర్రాడు ఒకడుండేవాడు. ఆ సినిమాలు వచ్చిన ప్రతిసారీ వాడికి బళ్ళో కొత్త పేరు వచ్చేది. తొంభైల్లో తీసినవాటిలో నాకు గుర్తున్నవి తక్కువ. బ్రహ్మానందాన్ని హీరోగా పెట్టి తీసిన ‘బాబాయ్ హోటల్’ మొదలు బాగుంటుంది, తర్వాత నాకు సాగదీసినట్టు అనిపించింది. కానీ వేరేవాళ్ళ సినిమాలకి రాసిన మాటల్లో పదును అలాగే ఉంది. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, ‘ఆదిత్య 369’ రెండూ ఆ రోజులవే.

1992లో ‘ఆపద్బాంధవుడు’లో నటించారు కూడా, మీనాక్షి శేషాద్రి తండ్రిగా, డబ్బులేని కవి వేషం. అంతవరకు ఆయన ఎలా ఉంటారో పిన్నికి సరిగ్గా తెలియదు. చూసి నిరాశపడింది. ‘ఇంతమందిని నవ్వించినాయన ఇలా ఏడిపిస్తాడేటే’ అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అమ్మ, ‘మాటలు రాసినవాడికి రెండూ వచ్చి ఉండాలి కదే’ అంది.

2001 జూన్ 19న హైదరాబాదులో పోయారు, గుండెపోటు. యాభై ఏళ్ళు. అప్పటికి మాకు కేబుల్ వచ్చేసింది, తెలుగు చానళ్ళన్నీ వస్తున్నాయి. తాతయ్య మంచం మీదున్నారు, వినికిడి బాగా తగ్గింది. పిన్ని ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది. ‘ఏ జంధ్యాల, మొదటివాడా రెండోవాడా?’ అని అడిగారు. పాత హాస్యమో, మతిమరుపో మాకెవరికీ తేలలేదు.

ఇప్పుడు పిన్నీ బాబాయీ పర్లాకిమిడిలోనే ఉన్నారు. చిన్న రైలు పోయి బ్రాడ్‌గేజి వచ్చింది. నేను భువనేశ్వర్ నుంచి వెళ్ళినప్పుడల్లా రాత్రి ఒక సినిమా చూడటం ఆనవాయితీ. ఏది చూడాలన్నదే గొడవ. బాబాయి ఎప్పుడూ ‘అహ నా పెళ్ళంట’ అంటాడు. నేను ‘శ్రీవారికి ప్రేమలేఖ’ అంటాను. పిన్ని ‘ఆనందభైరవి’ అంటుంది. గిరీష్ కర్నాడ్ కూచిపూడి గురువుగా వేసినది, జంధ్యాల గారికి ఉత్తమ దర్శకుడిగా నంది తెచ్చినది. రమేష్ నాయుడు గారి సంగీతం. అసలైన జంధ్యాల అదే అని ఆవిడ పంతం, కామెడీ ఎవరైనా తీస్తారట. కామెడీ ఎవరైనా తీస్తారన్న మాట ఆ అరుగు మీద మూడేసి గంటలు మమ్మల్ని నవ్వించిన మనిషే అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పోయినసారి పన్నెండు దాటేదాకా వాదించుకుని, ఏదీ చూడకుండా పడుకున్నాం. ఈ దసరాకి మాత్రం నేను తగ్గేది లేదు.